పుల్లెల వారి పుస్తకాల బీరువా తాళం తీయించండి: గ్రంథాలయ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఏడాదిలో మూడు అర్జీలు ఇచ్చాను, ఒక్కదానికీ జవాబు రాలేదు, అందుకే ఇలా నలుగురి ముందు రాస్తున్నాను.

మీ గ్రంథాలయంలో పుల్లెల శ్రీరామచంద్రుడు గారి పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. తాళం చెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరూ చెప్పరు. 1927లో కోనసీమలో పుట్టి, ఉస్మానియాలో సంస్కృతం బోధించి, సంస్కృత అకాడమీకి డైరెక్టరుగా చేసి, 2011లో పద్మశ్రీ అందుకున్న మనిషి ఆయన. కానీ నాకు ఆయన గొప్పతనం బిరుదుల్లో కనిపించదు. వాల్మీకి రామాయణానికి ప్రతి శ్లోకానికీ ప్రతిపదార్థం రాశారు చూడండి, అక్కడ కనిపిస్తుంది. ధ్వన్యాలోకం లాంటి కష్టమైన అలంకారశాస్త్ర గ్రంథాలను, అంటే కవిత్వానికి అందం ఎలా వస్తుందో చర్చించే సంస్కృత గ్రంథాలను కూడా, గురువు దొరకనివాళ్లు ఇంట్లో కూర్చుని చదువుకునేలా తెలుగులో వివరించారు.

నేను ఇంటి దగ్గర కొందరు పిల్లలకు సంస్కృతం చెబుతాను. వాళ్లలో ఒకమ్మాయి ఎం.ఏ. పరీక్షకు చదువుతోంది. ధ్వన్యాలోకం కోసం రెండు బస్సులు మారి మీ దగ్గరికి నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ "రేపు రామ్మా" అన్నారట. చివరికి గైడు బట్టీపట్టి పరీక్ష రాసింది. ఆ పిల్ల ముఖం చూసి నాకే సిగ్గేసింది.

బీరువా తెరిపించండి, పుస్తకాల జాబితా గోడమీద పెట్టించండి, అక్కడే కూర్చుని చదువుకోనివ్వండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వమని కోరుతున్నాను. పుస్తకాల దుమ్ము దులపడానికి మనుషులు లేకపోతే నేనూ, మా పిల్లలూ ఆదివారం వస్తాం.

ఇట్లు,
ఒక సంస్కృత ఉపాధ్యాయుడు