కుందేలు చూడి సంగతి

అనంతపురం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న చేరింది. మీ తెల్ల కుందేలు దగ్గరికి పోతే గుర్రుమంటోందనీ, పొట్ట నిండుగా కనబడుతోందనీ రాసి, ఇక చూడి కట్టినట్లేనా అని అడిగావు. ఆ రెండింటినీ నమ్మి లెక్క వేసుకోవద్దు. కడుపారా వేరుశనగ కట్టె (కాయలు తీసేసిన ఎండు చెట్లు) మేసిన కుందేలు పొట్ట కూడా అలాగే ఉంటుంది. పైగా కుందేళ్లలో జత కలిసిన సుమారు పది గంటల తరువాతనే అండాలు విడుదలవుతాయి. ఆ తరువాత గర్భం నిలవకపోయినా, కొన్నాళ్లు శరీరం నిలిచినట్టే నడుచుకోవచ్చు. ఆ ఉత్తుత్తి చూలు 16 నుంచి 18 రోజులు సాగుతుంది, దాని చివర బొచ్చు పీక్కోవడమూ, గూడు పేర్చడమూ కూడా ఉంటాయి. అందుచేత రెండు వారాలు దాటగానే నోట గడ్డి కరుచుకొని తిరిగితే అప్పుడే సంబరపడకు.

నమ్మదగినవి దాటించిన తేదీ, అంటే మగదానితో జత కలిపిన రోజు, ఆపైన చేతివేళ్లు. 12వ రోజు ప్రాంతంలో, పొద్దున మేత వేయకముందు, నేల మీద గోనెపట్టా పరిచి దానిని నింపాదిగా నిలబెట్టి, ఒక చేత్తో భుజాల దగ్గర పట్టుకొని, రెండో చేతిని వెనుక కాళ్ల ముందు పొట్ట కిందికి పోనిచ్చి, బొటనవేలు ఒక పక్కా తక్కిన వేళ్లు మరో పక్కా ఉంచి మెల్లగా ముందుకూ వెనక్కూ జరపాలి. చూడిదైతే ద్రాక్షపండంత మెత్తని గుండ్రని ముద్దలు వేళ్ల మధ్య నుంచి జారిపోతాయి. పెంటికలైతే వాటికన్నా చిన్నవిగా, గట్టిగా, వెన్నుకు దగ్గరగా తగులుతాయి. గట్టిగా నొక్కితే పిండాలకే ముప్పు కనుక, మొదటిసారి పశువైద్యుడి చేత చేయించి పక్కన నిలబడి చూడు.

ఈనడం ఎక్కువగా 31వ రోజు జరుగుతుంది. 28 నుంచి 32 లోపు ఎప్పుడైనా సరే. గూడుపెట్టెను 28వ రోజున పెడితే చాలు, మరీ ముందు పెడితే దాన్ని మరుగుదొడ్డి చేసుకుంటుంది. పెట్టె సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉండి, ముందువైపు అంచు తల్లి దూకేటంత తక్కువగా, పిల్లలు దొర్లి బయట పడనంత ఎత్తుగా ఉండాలి. మన ఎండలకు రేకు పెట్టె పనికిరాదు, చెక్కదే చేయించు. అడుగున చిత్రిక పొట్టూ, పైన బూజు లేని ఎండుగడ్డీ వేస్తే, మిగిలిన పని తన రొమ్ము మీది బొచ్చుతో తనే చేసుకుంటుంది. 30 డిగ్రీలు దాటితేనే కుందేళ్లకు కష్టం, మనకు వేసవిలో 40 మామూలే. కాబట్టి షెడ్డు పడమటి పక్క తడిగోనెలు కట్టు. పంజరం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం మరవద్దు, చీమలు పసికూనలను బతకనివ్వవు. చివరి వారంలో మేత తగ్గించడం అన్నిటికన్నా ప్రమాదం.

సాధారణంగా రాత్రిపూట గానీ తెల్లవారుజామున గానీ ఈనుతుంది. పొద్దున తొంగిచూస్తే పిల్లలు కనబడవు, పెట్టె మూలన బొచ్చుకుప్ప ఒకటి ఊపిరికి సన్నగా కదులుతుంటుంది. చేతులు కడుక్కొని, కుప్పను పక్కకు తీసి, చచ్చినవేవైనా ఉంటే తీసేసి, మళ్లీ కప్పెయ్యి. తల్లి పాలివ్వడం లేదని మీ ఇంట్లో వాళ్లు కంగారు పడతారేమో, అది రోజుకు ఒకటి రెండుసార్లే, నాలుగైదు నిమిషాలే ఇస్తుంది. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే సరిపోయినట్టే. పెట్టెలోంచి జారిపడిన పిల్లను తల్లి నోట కరుచుకొని తేదు, నువ్వే తిరిగి పెట్టాలి. పదో రోజు దాటాక కళ్లు తెరుస్తాయి.

మగదాన్ని మాత్రం ఇప్పుడే వేరే పంజరంలోకి మార్చు. ఆడది ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలదు. దాటించిన తేదీ నీ ఉత్తరంలో ఎక్కడా లేదు, అది రాసి పంపితే పెట్టె ఎప్పుడు పెట్టాలో చెబుతాను.

నీ మిత్రుడు