వాల్చి చూస్తేనే కనిపించే బొమ్మ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది నెల దాటినా జవాబు రాయకపోవడానికి కారణం సోమరితనం కాదు, ఒక జానెడు కాగితం. సురిమోనో అనే జపాను చెక్క అచ్చు బొమ్మ ఒకటి నా చేతికి వచ్చింది. నిలువు సుమారు 20 సెంటీమీటర్లు, అడ్డం 18 ఉంటుంది. అందులో ఒక గవ్వ, ఒక పూరెమ్మ, పైన రెండు పద్యాలు, అంతే.

ఇవి అంగట్లో అమ్మడానికి వేసినవి కావు. నేటి టోక్యో అయిన ఎడో నగరంలో, క్యోకా అనే 31 అక్షరాల చమత్కార పద్యాలు చెప్పుకునే కవిగోష్ఠులవారు, కొత్త సంవత్సరానికి తమలో తాము పంచుకునేందుకు సొంత ఖర్చుతో చిత్రకారులచేత వేయించుకున్నారు. మన చాటుకవులకు చేతిలో నాలుగు డబ్బులు ఆడి ఉంటే వాళ్ళూ ఇదే పని చేసేవారని నా అనుమానం. లాభం లెక్క లేదు గనుక మందపాటి హోషో కాగితానికీ, ఇత్తడి రాగి పొడులకూ ఎవరూ వెనుకాడలేదు.

హొకుసాయి అనే ఎడో చిత్రకారుడు 1821లో గవ్వల పేర్లతో 36 బొమ్మల వరుస ఒకటి వేశాడు. మరుసటి ఏడు, ఏళ్ళకు జంతువుల పేర్లు పెట్టే జపాను లెక్కలో గుర్రపు సంవత్సరం కావడంతో గుర్రాల వరుస వేశాడు. తీరా చూస్తే చాలా బొమ్మల్లో గుర్రమే ఉండదు; వస్తువు పేరులోనో, పద్యంలోని శ్లేషలోనో నక్కి ఉంటుంది. విప్పగలిగినవాడే గోష్ఠిలో మనిషి.

నా బొమ్మను ఎదురుగా పెట్టుకుంటే గవ్వ ఉత్త తెల్లగా కనిపించింది. కిటికీ దగ్గర, వెలుతురు పక్కనుంచి పడేలా కాస్త వాల్చేసరికి దాని మీది సన్నని గీతలన్నీ ఒక్కసారి పైకి తేలాయి. రంగు పూయని దిమ్మ మీద తడి కాగితాన్ని ఒత్తి తేల్చిన ఆ పనిని కరజురి అంటారు. అద్దం బిగించి గోడకు కొడితే అదంతా చచ్చిపోతుంది కాబట్టి, పటం కట్టించమన్న మా ఇంట్లోవాళ్ళ మాట నేను వినలేదు.

ఇక నీ దగ్గర దాచడం ఎందుకు? అమ్మినాయన 1820ల నాటిదని చెప్పి ఆ ధరే తీసుకున్నాడు. తెలిసినవారొకరు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది 1890ల ప్రాంతంలో కొత్తగా దిమ్మలు చెక్కి వేసిన నకలని తేల్చారు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు పొద్దున మళ్ళీ కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళాను. గీతలు మాత్రం యథాప్రకారం లేచి నిలబడ్డాయి.

వచ్చే నెల వచ్చేటప్పుడు సంచిలో పెట్టుకుని తెస్తాను. చేతులు కడుక్కుని పట్టుకోవాలి సుమా.

నీ మిత్రుడు