వ్యాసానికి పేజీలు లెక్కపెట్టి మార్కులు వేయొద్దు

సంపాదకులు గారికి,

పదో తరగతి తెలుగు పేపరు దిద్దేటప్పుడు బిట్ల దగ్గర పేచీ ఉండదు. పేచీ అంతా వ్యాసం దగ్గరే. ఒక ఎగ్జామినరు నాలుగు వేసిన వ్యాసానికే పక్క బల్ల మీద ఆరున్నర పడుతుంది. రీకౌంటింగుకు 500 రూపాయలు కట్టినా దొరికేది కూడికలో తప్పే. ఆ నాలుగు న్యాయమా కాదా అన్నది అందులో తేలదు. కాబట్టి స్పాట్ వాల్యుయేషన్ మొదటిరోజే తేల్చుకోవాల్సిన సంగతులు రాస్తున్నాం.

ఎనిమిది మార్కుల వ్యాసం, అంశం 'నీటి పొదుపు' అనుకుందాం. ఒక పిల్లవాడు 'నీరే ప్రాణాధారం' అని మొదలుపెట్టి రెండున్నర పేజీలు నింపాడు. ఉపోద్ఘాతం గైడులోది. 'నీరు' తీసేసి 'చెట్లు' అని పెట్టినా ఆ పేరా అలాగే సరిపోతుంది. కనిగిరి వైపు అమ్మాయి రాసింది ఒక్క పేజీ: బోరు నీళ్లలో ఫ్లోరైడు, పళ్ల మీద గార, ట్యాంకరు కోసం బిందెల వరస, మిద్దె మీద పడ్డ వానను తొట్టిలోకి మళ్లిస్తే ఇంటికి ఎన్నాళ్లొస్తుందన్న లెక్క. అక్షరదోషాలు ఆరు. నిండిన పేజీ కంటికి ఆనుతుంది, మొదటివాడికే ఎక్కువ పడతాయి. ఈ జబ్బు మనకొక్కరికే లేదు. అమెరికాలో 2005లో కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్షకు పాతిక నిమిషాల వ్యాసం చేర్చినప్పుడు, పొడుగ్గా రాసినవాళ్లకే మార్కులు ఎక్కువ వస్తున్నాయని ఎంఐటీలో రచన బోధించే లెస్ పెరెల్మన్ బయటపెట్టారు.

దీనికి మందు మార్కులు విడగొట్టడమే. విషయానికి 3, అమరికకు 2, వాక్యానికీ పదానికీ కలిపి, అంటే భాషకు, 2, అక్షరదోషాలకు 1. విదేశాల్లో పైచదువుల కోసం మన పిల్లలు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లోనూ 250 పదాల వ్యాసాన్ని నాలుగు కొలతలతో, ఒక్కోదానికి పావు వంతు చొప్పున తూస్తారు. ఇలా వేస్తే ఆ అమ్మాయికి దోషాల మార్కు పూర్తిగా పోయినా 3, 2, ఒకటిన్నర కలిసి ఆరున్నర వస్తుంది. గైడు పిల్లవాడికి 1, 1, ఒకటిన్నర, 1 కలిసి నాలుగున్నర.

విషయం అంటే అడిగినదానికి తిన్నగా జవాబు, కనీసం రెండు కారణాలు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ. అమరిక చూడటానికి ఒక సులువుంది. పేరాల మొదటి వాక్యాలు మాత్రం వరసగా చదవండి. మాట తెగకుండా నడిస్తే రెండూ ఇవ్వొచ్చు. పేరాలు అటూ ఇటూ మార్చినా తేడా తెలియకపోతే ఒకటి దాటనక్కర్లేదు. సూక్తికీ పద్యపాదానికీ విడిగా మార్కు వద్దు. తర్వాతి వాక్యం దాన్ని వాడుకుంటేనే దానికి విలువ.

దోషాల దగ్గర చాలా అన్యాయం జరుగుతోంది. 'విద్యార్థి'ని 'విధ్యార్థి' అని ఐదు చోట్ల రాస్తే అది ఒకే తప్పు, ఒకసారే లెక్కించాలి. 'కళ' అనాల్సిన చోట 'కల' అని రాసి అర్థం మార్చేస్తే అది వేరే తప్పు. ఇక యాస. పేపర్లు జిల్లాలు మారతాయి. నెల్లూరు పిల్ల 'ట్యాంకరు వారానికోసారి వస్తుండాది' అని రాస్తే, ఆ మాట వినని ఎగ్జామినరు ఎర్రగీత కొడతారు. ఎవరైనా మాట్లాడినట్టు రాసిన చోట అది తప్పే కాదు. మామూలు వాక్యంలో వస్తే, రాతభాష నేర్పాలి కాబట్టి, భాష మార్కుల్లో ఒక్కసారి అర మార్కు తగ్గించవచ్చు. విషయం మార్కుల జోలికి మాత్రం పోకూడదు. ఇంటి మాటలో ఆలోచించే పిల్లల్ని ఆలోచనే లేనివాళ్లుగా లెక్కకట్టడం మాకు చాలా బాధగా ఉంది.

రోజుకు నలభై పేపర్లు దిద్దేవాళ్లకు అలసట ఖాయం. గొప్ప వ్యాసం తర్వాత వచ్చిన మామూలు వ్యాసం మరీ చప్పగా కనిపిస్తుంది. అందుకని ముందు ఐదు పేపర్లు జిరాక్సు తీసి, బృందంలో అందరూ ఎవరికి వారే దిద్దాలి. ఒక మార్కు కంటే ఎక్కువ తేడా వస్తే చీఫ్ ఎగ్జామినరు ఎదుట వాదించుకుని తేల్చుకోవాలి. ఆ ఐదూ చివరిరోజు దాకా బల్ల మీదే తూకంరాళ్లలా ఉండాలి. ఆ తర్వాత కట్టలోని వ్యాసాలన్నీ ఒకేసారి దిద్ది, మిగతా ప్రశ్నలకు వెళ్లాలి. భోజనం తర్వాత, పొద్దున దిద్దిన మొదటి మూడూ మళ్లీ చూసుకోవాలి. మొత్తం ఒక్కటే వేయకుండా మార్జిన్‌లో 3+2+1½+0 అని రాస్తే ఎక్కడ తగ్గిందో పైవాళ్లకు తెలుస్తుంది.

పరీక్షల విభాగం ఈ విభజనను, రెండు మూడు నమూనా వ్యాసాలతో సహా, వాల్యుయేషన్ సూచనల్లో అచ్చువేసి జూన్‌లోనే బడులకు పంపాలని కోరుతున్నాం. ఈలోగా ప్రీ-ఫైనల్ పేపర్లు ఇలా దిద్ది చూడటానికి ఏ బడికీ ఉత్తర్వులు అక్కర్లేదు.

— కొందరు తెలుగు ఉపాధ్యాయులు, ఒంగోలు