హెల్మెట్ పెట్టుకుని రేడియో విన్నాం

ఒరేయ్ రాంబాబూ,

మొన్న ఫోన్‌లో "ఆ పల్లెటూళ్లో నీకు పొద్దెట్లా పోతోందిరా" అన్నావు. రేడియోతో పోతోంది, నమ్ము.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో టస్కలూసా పక్కన చిన్న ఊరు మాది. ఒకరోజు ఫోన్ చార్జింగ్ అయిపోయి కారులో రేడియో పెడితే ఎవరో ముసలాయన గొంతు: "రెండు మేకలు, గడ్డి కోసే మెషినొకటి. మేకల్ని విడిగా అమ్మను." ఫక్కున నవ్వొచ్చింది. స్వాప్ షాప్ అంటారు దాన్ని. ఊళ్లో ఎవరైనా ఫోన్ చేసి అమ్మేవీ కొనేవీ చెప్పుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. పొద్దున ఆ ప్రోగ్రాం నడిపినాయనే తర్వాత ఊళ్లో పోయినవాళ్ల పేర్లు చదువుతాడు. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్‌కి కామెంటరీ కూడా ఆయనే, ఆన్‌లైన్‌లో.

పాప తొట్టి అమ్ముదామని నేనూ చేశాను. పేరు వెంకట సుబ్రహ్మణ్యం అనగానే ఆయన కాసేపు ఆగి, "సరే, తొట్టి సంగతి చెప్పు బాబూ" అన్నాడు. సాయంత్రానికల్లా అమ్ముడుపోయింది!

ఇంకో తమాషా. పొద్దుగూకితే ఆ స్టేషన్ కట్టేస్తారు, సంత ఎత్తేసినట్టు. ఏఎం (మన మీడియం వేవ్) తరంగాలు పగలు నేలబారున పోతాయి. రాత్రయితే ఆకాశంలో పై పొరకి తగిలి వెనక్కొచ్చి వందల మైళ్ల అవతల తేలతాయి. ఒకరి గొంతు మీద ఇంకొకరిది పడకుండా కొన్ని చిన్న స్టేషన్లని ఆపేయమంటారు, కొన్నింటిని పవర్ తగ్గించుకోమంటారు. అప్పుడు 650 మీదకి తిప్పితే నాష్‌విల్ నుంచి డబ్ల్యూఎస్‌ఎం అనే పెద్ద స్టేషన్ వస్తుంది. 50,000 వాట్లు, 1925 నుంచీ నడుస్తోంది. మా నాన్న సిలోన్ కోసం ముల్లు తిప్పడం గుర్తొస్తుంది నాకు.

అసలు సంగతికొస్తా. పోయిన ఏప్రిల్‌లో ఒక రాత్రి టోర్నడో (పెద్ద సుడిగాలి) వస్తోందని సైరన్ మోగింది. బర్మింగ్‌హామ్ టీవీలో జేమ్స్ స్పాన్ అని వాతావరణం చెప్పే పెద్దాయన ఉన్నాడు. ఆయన కోటు విప్పేసి సస్పెండర్లతో నిలబడ్డాడంటే వ్యవహారం ముదిరిందని ఇక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. ఆ రాత్రి విప్పేశాడు. 2011 ఏప్రిల్ 27న ఒక్క అలబామాలోనే 62 టోర్నడోలు వచ్చాయి. టస్కలూసా మీదుగా పోయింది వాటిలో ఒకటి. ఆ భయం జనానికి ఇప్పటికీ పోలేదు.

ఇంతలో కరెంటు పోయింది, నెట్టూ పోయింది. పాపకి సైకిల్ హెల్మెట్ పెట్టి, మేమిద్దరం పక్కింటివాళ్లిచ్చిన హెల్మెట్లు తగిలించుకుని, బాత్‌టబ్‌లో కూర్చున్నాం. చేతిలో బ్యాటరీ రేడియో. అందులో రాత్రి కూడా నడిచే ఇంకో లోకల్ స్టేషన్‌వాళ్లు కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరుతో సరిపెట్టలేదురా, ఫలానా చర్చి దాటింది, ఫలానా పెట్రోల్ బంకు వైపు వస్తోంది అని చెబుతున్నారు. ఆ బంకులోనే నేను రోజూ కాఫీ తాగేది! చేతులు చల్లబడిపోయాయి. చివరికి ఉత్తరానికి మళ్లింది. మాకు పోయింది ఒక చెట్టూ, కంచే.

ఊళ్లో మనిషి లేని రేడియో ఎట్లా ఉంటుందో ఒక సంగతి చెబుతా. 2002లో నార్త్ డకోటా రాష్ట్రంలోని మైనాట్‌ ఊళ్లో అర్ధరాత్రి దాటాక రైలు పట్టాలు తప్పి అమ్మోనియా విషవాయువు ఊరి మీదకి పాకింది. అక్కడి ఆరు కమర్షియల్ రేడియో స్టేషన్లూ ఒక్క కంపెనీవే. జనాన్ని హెచ్చరించమని పోలీసులు రేడియో వాళ్లకి ఫోన్ చేస్తే వెంటనే ఎవరూ దొరకలేదు. తప్పెవరిదని తర్వాత చాలా వాదన నడిచిందనుకో. కానీ ఎక్కడో కూర్చుని రికార్డు చేసిన గొంతుకి మా బంకు ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది, చెప్పు? అందుకే మా ముసలాయన ప్రోగ్రాంలో ఎరువుల కొట్టు ప్రకటనలొచ్చినా స్టేషన్ మార్చను.

అన్నట్టు, మా అమ్మ కనిపిస్తే బాత్‌టబ్ సంగతి ఎత్తకు. గాలికి చెట్టు పడిందని మాత్రమే చెప్పాను. మేకల మాట చెప్పు, నవ్వుకుంటుంది.

నీ
సుబ్బు