ఈరోజు కుప్ప, రేపటి కుప్ప, ఎల్లుండి కుప్ప

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల మన ఎనిమిదో తరగతి పిల్లలు బడి గేటు దగ్గర, ఆ తర్వాత సంతలో సీతాఫలాలు అమ్మారు. కాయలు మన పాలమూరు రైతుల దగ్గరే కొన్నారు. పెట్టుబడి బడి అప్పుగా ఇచ్చింది, అమ్మాక పిల్లలు తిరిగి కట్టేశారు. "చదువుకునే పిల్లలతో అమ్మకాలేంది సార్?" అని కొందరు అడిగారు. అడగాల్సిన మాటే, అందుకే ఈసారి ఉత్తరమంతా దీని గురించే రాస్తున్నాను.

సీతాఫలంలో కళ్లు బాగా విచ్చుకున్న కాయ ఒకటి రెండు రోజుల్లో పండుతుంది. కళ్లు విచ్చుకోని లేత కాయను కోస్తే సరిగా పండదు, నల్లబడి గట్టిగా ఉండిపోతుంది. కొనే అందరికీ ఈ తేడా తెలియదు. అమ్మేవాళ్లకు తెలుసు. మన పిల్లల్లో ఒక అమ్మాయి లేత కాయలన్నీ గంపలోంచి తీసేసి, మిగిలినవి చూపించి, కొనడానికి వచ్చిన ఒకావిడతో "ఇవి రేపటికల్లా తినెయ్యాలక్కా, ఎల్లుండికి ఆగవు" అని ఉన్నమాట చెప్పింది. ఆవిడకు ఎల్లుండికే కావాలి, కొనకుండా వెళ్లిపోయింది. పాపం, పిల్ల ముఖం చిన్నబోయింది.

సాయంత్రం క్లాసులో దీనిమీదే చర్చ. నిజం చెబితే గిరాకీ పోతోంది, మరి ఏం చేద్దాం? దాచిపెడదాం అని ఒక్కరూ అనలేదు, అది నాకు చాలా సంతోషం. మర్నాడు వాళ్లే కాయల్ని మూడు కుప్పలు పోశారు: ఈరోజుకు, రేపటికి, ఎల్లుండికి. ఈరోజు కుప్పకు ధర తగ్గించారు. "ఎప్పుడు తింటారు?" అని అడిగి ఇవ్వడం మొదలుపెట్టారు. మార్కెటింగ్ అంటే నేను పిల్లలకు నేర్పాలనుకున్నది ఇదే. కాంటా మీద ఖాళీ గిన్నె పెట్టి, సున్నా చేసి, ఆ సున్నాను గిరాకీకి చూపించాకే తూకం వేశారు. మెత్తబడి పారేసిన కాయల్ని కూడా ఖర్చులో రాస్తేనే అసలు లాభమెంతో తేలుతుందని లెక్కలు కట్టేటప్పుడు తెలిసింది.

మీకు ఒక మనవి. కొందరు నాన్నలు వచ్చి గంపంతా కొనేశారు. ప్రేమతోనే కొన్నారు. కానీ ముక్కూమొహం తెలియని మనిషి "వద్దు" అన్నప్పుడు తట్టుకుని, ఇంకొకరితో నవ్వుతూ మాట్లాడటం పిల్లలకు రావాలి. దయచేసి మీకు కావాల్సినన్నే కొనండి, వాట్సాప్‌లో చుట్టాలతో కొనిపించకండి.

ఇంకో సంగతి. డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా నేరుగా మనుషులకే సరుకు అమ్మడం) పేరుతో "ముందు డబ్బు కట్టు, కింద నలుగురిని చేర్పించు, కమీషన్ వస్తుంది" అనే స్కీములు మన ఊళ్లలో చదువుకున్నవాళ్లను కూడా ముంచుతున్నాయి. సరుకు అమ్మితే వచ్చేది వ్యాపారం, మనుషుల్ని చేర్పిస్తే వచ్చేది గొలుసుకట్టు మోసం. 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం చేరడానికి ఫీజు వసూలు చేయకూడదు, పిరమిడ్ స్కీములు (ఇలాంటి గొలుసుకట్టు స్కీములే) నడపకూడదు. ఎవరైనా అలా అడిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఈ తేడా పిల్లలకు చెప్పాం, ఇంట్లో మీరూ ఒకసారి మాట్లాడండి.

తర్వాత తొమ్మిదో తరగతి వంతు. వాళ్లు పల్లీపట్టీలు అమ్ముతారు. ప్రతి ప్యాకెట్ మీద తూకం, తయారుచేసిన తేదీ, ధర, అందులో ఏమేం వేశారో పిల్లలే రాస్తారు. మీ అబ్బాయో అమ్మాయో సరుకు అమ్మడానికి రావడం ఇష్టం లేకపోతే డైరీలో రాసి పంపండి, వాళ్లకు అమ్మకాల లెక్కలు రాసే పని అప్పగిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు