ఒక్క సూదిలో అన్ని డోసులు: చిక్కు ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

మూడు విడతల టీకాను ఒకే సూదితో ఇవ్వొచ్చంటూ మీరు వేసిన వార్తలో టీకాను లోపల దాచుకుని, ఒంట్లో మెల్లగా కరుగుతూ విడతలవారీగా వదిలే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) గురించి బాగానే రాశారు. పాలిమర్‌తో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా దాని కడుపులో ఉండే, రోగనిరోధక శక్తిని మేల్కొలిపే టీకా అసలు పదార్థమైన యాంటిజెన్‌తోనే.

ఆ పాలిమర్ పేరు పీఎల్‌జీఏ. ల్యూప్రోలైడ్ అనే మందును ఇందులో పొదిగి నెలకోసారి వేసే ఇంజెక్షన్‌కు అమెరికాలో 1989లోనే అనుమతి వచ్చింది. అది చిన్న పెప్టైడ్ (ప్రొటీన్ ముక్క లాంటిది) కాబట్టి తట్టుకుంది. ధనుర్వాతం టీకాలో ఉండే టెటనస్ టాక్సాయిడ్ లాంటి పెద్ద ప్రొటీన్ అలా కాదు.

తయారీలోనే మొదటి దెబ్బ. యాంటిజెన్ కలిపిన నీటిని, డైక్లోరోమీథేన్ అనే ద్రావణిలో కరిగించిన పాలిమర్‌లో పోసి గట్టిగా గిలకొడతారు. ఆ మిశ్రమాన్ని పాలీవినైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లలో పోసి తిప్పుతుంటే ద్రావణి ఆవిరై, సన్నటి గుళికలు గట్టిపడతాయి. నీరూ ద్రావణీ కలిసే అంచున ప్రొటీన్ మడతలు విప్పుకుని చెడిపోతుంది. గుళిక పైపైన అంటుకున్న యాంటిజెన్ సూది వేసిన మొదటి రోజే బయటపడిపోతుంది. బూస్టర్‌కు మిగలాల్సింది అలా ముందే ఖర్చవుతుంది.

రెండో దెబ్బ ఒంట్లో. ఫ్రిజ్‌లో 2-8 డిగ్రీల మధ్య కాపాడుకొచ్చిన యాంటిజెన్ ఇక్కడ 37 డిగ్రీల వేడిలో, తడిలో, వారాల తరబడి ఉండాలి. పాలిమర్ విరిగేకొద్దీ లోపల ఆమ్లం పేరుకుని ప్రొటీన్ ముద్దకడుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలిపితే ఆ పులుపు తగ్గుతుంది. కడుపుమంటకు వాడే యాంటాసిడ్‌లో ఉండేదీ అదే.

2017లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేరే దారి తొక్కారు. ముందు పాలిమర్‌తో అతి చిన్న గిన్నెలు అచ్చుపోసి, తర్వాత యాంటిజెన్ నింపి, మూత పెట్టి, కాస్త వేడితో అతికించారు. యాంటిజెన్‌కు ద్రావణి తగలదు. మాకు ఇదే మెరుగ్గా కనిపిస్తోంది. కానీ ఒంటి వేడిమి సమస్య దీనికీ తప్పదు.

వార్తల్లో అసలు కనిపించనిది నాణ్యత పరీక్ష. అరవయ్యో రోజున తెరుచుకోవాల్సిన గుళిక సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చూడాలంటే ప్రతి బ్యాచ్‌నూ 37 డిగ్రీల దగ్గర అరవై రోజులు ఉంచాలి. వేడి పెంచి త్వరగా తేల్చేద్దామంటే పాలిమర్ మెత్తబడి విడుదల తీరే మారిపోతుంది. పైగా గామా కిరణాలతో శుద్ధి చేస్తే యాంటిజెన్ దెబ్బతినొచ్చు. అందుకే మొదటి మెట్టు నుంచీ క్రిములు చొరబడని గదుల్లోనే తయారు చేయాల్సి వస్తుంది, ఖర్చు అక్కడే పెరుగుతుంది. ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు, చివరి విడతగా బయటికొచ్చిన యాంటిజెన్‌లో ఎంత శాతం చెడకుండా ఉందో కూడా అడిగి రాయండి.

ఇట్లు,
టీకాల తయారీ రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు