పెన్షన్ తిరస్కరించే లేఖలో గడువు కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

సర్వీసులో ఉండగా వినికిడి తగ్గినా, గుండె జబ్బు వచ్చినా, 'ఇది సైనిక సేవ వల్ల వచ్చింది కాదు' అని ఒక్క ముక్క రాసి డిజేబిలిటీ పెన్షన్ కాదనడం మాజీ సైనికులకు కొత్త కాదు. చేరినప్పుడు రికార్డుల్లో లేని జబ్బు తర్వాత బయటపడితే, అది సర్వీసు వల్ల కాదని నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తిరస్కరణలు ఆగలేదు.

ఆ తర్వాత మొదలయ్యేది గడువుల గొడవ. సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం (2007) 22వ సెక్షన్ ప్రకారం తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో ఆ ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. పై అధికారులకు పెట్టుకున్న అప్పీలుకు ఆరు నెలలైనా జవాబే రాకపోతే, అక్కడి నుంచి ఇంకో ఆరు నెలలు. ఈ రెండో లెక్క ఎంతమందికి తెలుసు? ఇవాళో రేపో ఉత్తరం వస్తుందని చూస్తూనే ఉంటారు, గడువు కాస్తా దాటిపోతుంది. పైగా మన రెండు రాష్ట్రాలకూ బెంచ్ ఉన్నది చెన్నైలో.

సరైన కారణం చూపితే ట్రిబ్యునల్ ఆలస్యాన్ని మన్నించవచ్చు, కాదనను. దెబ్బ తగిలేది బకాయిల దగ్గర. 1983లో అనారోగ్యం పేరుతో ఇంటికి పంపేసిన తర్సేమ్ సింగ్ 1999లో కోర్టుకెక్కారు. పెన్షన్ నెలనెలా అందాల్సింది కాబట్టి ఆలస్యమైనా కేసు చెల్లుతుందని, బకాయిలు మాత్రం కేసుకు ముందు మూడేళ్లకు మించి రావని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత చాలా కేసుల్లో అదే కొలమానమైంది. అంటే కాదనడమే తప్పని రుజువైనా, అంతకు ముందు ఏళ్ల సొమ్ము ఆ తప్పు చేసినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఇదెక్కడి న్యాయం?

అమెరికాలో అక్కడి మాజీ సైనికుల కోర్టుకు వెళ్లడానికి గడువు ఇంకా తక్కువ, 120 రోజులే. కానీ అప్పీలుకు ఎక్కడికి, ఎలా వెళ్లాలో తిరస్కరణ నోటీసుతోపాటే చెబుతారు.

మన రక్షణ శాఖ కూడా ప్రతి తిరస్కరణ లేఖలో ఏ తేదీలోగా, ఎక్కడికి వెళ్లాలో రాయాలి. తెలుగు ప్రతి ఒకటి జతచేసి, కాపీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపాలి. ఇలా చెప్పకుండా తిరస్కరించిన కేసుల్లో మూడేళ్ల కోత వర్తించకుండా పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. మన ఎంపీలు ఈ సంగతి సభలో అడగాలని కోరుతున్నాను.

- ఒక మాజీ సైనికుడు, మార్కాపురం